మనుషులు మారితే బృందం మారినట్టేనా?

ఒక బృందాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు అందులో లేరు. పేరు మాత్రం అలాగే ఉంది. అది పాత బృందమేనా, వేరేదా? వినడానికి పొడుపుకథలాగా ఉంటుంది. కానీ మన రాజపాళయంలోని తెలుగు ఇళ్లకు కూడా ఈ ప్రశ్న తగులుతుంది.

పూర్వం గ్రీకులు దీన్ని ఓడ పేరుతో అడిగారు. థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్సు ప్రజలు భద్రంగా ఉంచుకున్నారు. పుచ్చిన చెక్క తీసేసి కొత్త చెక్క వేస్తూ వచ్చారు. అది ఆ ఓడేనని కొందరు, కాదని కొందరు వాదించేవారని ప్లూటార్కు రాశాడు.

ఈ కాలంలో ఇదే వాదన పాటల బృందాల మీద జరుగుతోంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1990లో యెస్పర్ స్ట్రోంబ్లాడ్ 'ఇన్ ఫ్లేమ్స్' అనే మెటల్ సంగీత బృందాన్ని మొదలుపెట్టాడు. గాయకుడు ఆండర్స్ ఫ్రీడేన్, బ్యోర్న్ గెలోట్ 1995లో చేరారు. గెలోట్ డ్రమ్స్ వాయించడానికి వచ్చి, తర్వాత గిటారుకు మారాడు. 2010లో యెస్పర్ వెళ్లిపోయాడు. ఇప్పుడు మొదటివాళ్లు ఎవరూ అందులో లేరు. పాట తీరు కూడా మారింది. ఇంకోవైపు యెస్పర్, ఇంకొందరు పాత సభ్యులు కలిసి 'ది హేలో ఎఫెక్ట్' అనే కొత్త బృందం పెట్టి, 2022లో తొలి ఆల్బమ్ తెచ్చారు. పేరు ఒకచోట, మొదలుపెట్టిన మనిషి ఇంకొకచోట. మరి అసలుది ఏది?

జవాబు వెతకడానికి మన తెలుగువాళ్ల దగ్గరే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. అది సురభి నాటక సమాజం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' నాటకం ఆడించారు. ఆ ఊరి పేరే సమాజానికి వచ్చింది. తర్వాత కుటుంబాలు పెరిగి, ఒక్క సమాజం చాలా సమాజాలయింది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల ఆమే. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ గారు 2022లో కన్నుమూశారు. ఆయన పోయాక కూడా సురభి ఆగలేదు.

1885లో రంగం మీద నిలబడినవాళ్లు ఈరోజు ఒక్కరూ లేరు. అప్పుడు కరెంటు దీపాలు లేవు, మైకులు లేవు. అంతా మారింది. అయినా 'మాయాబజార్' చూసి వచ్చినవాళ్లు "ఇది సురభి కాదు" అనరు. ఎందుకు?

నాకు తోచింది ఇది. ఓడలో పాత చెక్క కొత్త చెక్కకు ఏమీ నేర్పదు. దాన్ని పీకేస్తారు, దీన్ని కొడతారు, అంతే. మనుషులు అలా కాదు. సురభిలో పిల్లలు తెర వెనకే పెరుగుతారు. చంటిబిడ్డగా రంగం ఎక్కుతారు, కొంచెం పెరిగాక బాలకృష్ణుడి వేషం, ఆ తర్వాత పెద్ద వేషాలు. పాతవాళ్లు ఇంకా ఉండగానే కొత్తవాళ్లు వాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. ఇలా కలిసి గడిపిన కాలమే బృందాన్ని నిలబెడుతుంది.

ఈ కొలత సురభికి పెట్టి, ఇష్టం లేనివాళ్లకు పెట్టకపోతే న్యాయం కాదు. ఫ్రీడేన్, గెలోట్ పదిహేనేళ్లు యెస్పర్ పక్కనే ఉన్నారు. కాబట్టి ఇన్ ఫ్లేమ్స్ కూడా నిజమైనదే. హేలో ఎఫెక్ట్ అదే చెట్టు నుంచి వచ్చిన ఇంకో కొమ్మ. ఎవరో డబ్బిచ్చి పేరు కొని, పాతవాళ్ల మొహం చూడని కొత్తవాళ్లను నిలబెడితే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ మిగిలేది పేరు ఒక్కటే.

మా వీధిలో ధనుర్మాసంలో తెల్లవారుజామున భజన బృందం తిరిగేది. మా తాత అందులో తాళం వేసేవాడు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. హార్మోనియం పెట్టె ఇప్పటికీ ఒకరి ఇంట్లో భద్రంగా ఉంది, వాయించడం ఎవరూ నేర్చుకోలేదు. బృందాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ పోట్లాడుకోలేదు. ఆ పక్కన కూర్చునే పిల్లలు లేకపోయారు, అంతే.

మన భాషకు కూడా ఇదే జరగవచ్చు. మన పూర్వులు విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. వచ్చినవాళ్లు లేరు. మన మాటలో తమిళం ఎంతో కలిసింది. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు మన మాట విని "ఇదేం తెలుగు?" అని నవ్వుతారు. పైన చెప్పిన కొలత ప్రకారం ఇది ఆ తెలుగే. అమ్మ పక్కన కూర్చుని నేర్చిన మాట ఇది. తమిళం కలిసినందుకు మనం సిగ్గుపడక్కర్లేదు. తమిళం మనకు అన్నం పెట్టే ఊరి భాష, దాన్ని కూడా బాగా నేర్చుకోవాలి. కానీ మా తరగతిలోనే కొందరు అవ్వతో తెలుగులో మాట్లాడి, చెల్లెలితో తమిళంలో మాట్లాడతారు. గొలుసు తెగేది ఆ చెల్లెలి దగ్గరే.

అందుకని ఒక బృందంలో చేరినవాళ్లకు రెండు బాధ్యతలు ఉన్నాయని నా అభిప్రాయం. ఏదైనా మార్చే ముందు పాతవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. వెళ్లిపోయే ముందు కొత్తవాళ్లకు నేర్పాలి. ఈ రెండూ చేసినవాళ్లు తర్వాత ఎంత మార్చినా తప్పులేదు. ఈ సంవత్సరం మనం బడి వదిలి వెళ్తాం, కింది తరగతుల పిల్లలు మన బెంచీల్లో కూర్చుంటారు. వెళ్లేలోపు వాళ్లలో ఒక్కరికైనా ఒక తెలుగు పద్యమో, ఒక పాటో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిద్దాం.