చెడిన బొమ్మను బాగుచేయువాని ధర్మము

చక్కగా చేసిన వస్తువు పాతబడినప్పుడు దానిని బాగుచేయుట మంచిపని యని అందరును ఒప్పుకొందురు. బొబ్బిలి వీణకు పగులు వచ్చినచో గొల్లపల్లి పనివాని యొద్దకు తీసికొని పోవుదురు. శ్రీముఖలింగములో రాతిపని శిథిలమైనచో పురావస్తుశాఖవారు శ్రద్ధ వహింపవలెనని కోరుదురు. ఇందు వివాదము లేదు. కాని మొదటినుండియు వంకరగా, అవకతవకగా చేయబడిన వస్తువు పాతబడినప్పుడు ఏమి చేయవలెను? పారవేయవలెనా? అట్లే యుంచవలెనా? లేక విప్పి, గీకి, మరల అతికి, క్రొత్త రంగు వేయవలెనా? పైకి ఇది పిల్లల బొమ్మల ప్రశ్నవలె కనబడును. లోనికి దిగినకొలది పనికిని, పనివానికిని, ఇతరుల తప్పుల యెడల మనుజుడు చూపవలసిన మర్యాదకును సంబంధించిన ప్రశ్న యగుచున్నది.

ప్లాస్టిక్ నమూనా కార్ల మరమ్మతునందు ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా కనబడును. విజయనగరమున పైడితల్లి సిరిమాను ఉత్సవమునాడును, అరసవల్లిలో రథసప్తమినాడును అంగళ్లలో వ్రేలాడదీసి అమ్ము ఆటకార్లు వేరు. అవి కర్మాగారమునుండియే పూర్తియై వచ్చును. నమూనా కారు అట్లు రాదు. నిజమైన కారును ఇరువదియైదవ వంతునకో, ముప్పదిరెండవ వంతునకో తగ్గించి, పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో పోతపోసిన ముక్కలు ఒక అట్టపెట్టెలో వచ్చును. పైతొడుగు, అడుగుచట్రము, ఇంజను, ఆసనములు, చక్రములు, అద్దములు అన్నియు వేరువేరు. కొన్నవాడే వానిని అతికి, రంగు వేసికొనవలెను. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనాతో ఈ దారి పట్టినది. అమెరికాలో ఏ.ఎం.టి. సంస్థ 1958 నుండి ఒకే పెట్టెలోని ముక్కలతో మూడు విధములుగా కట్టుకొనదగిన కార్లను అమ్మినది: అంగడిలో దొరకు రూపు, యజమాని ముచ్చటకొలది మార్చుకొన్న రూపు, పందెపు కారు రూపు. ఉత్తరాంధ్రనుండి విదేశములకు వెళ్లిన కుటుంబములు తక్కువేమి కాదు. అట్టి పెట్టె యొకటి బంధువుల సామానులలో మన ఊళ్లకు చేరినను ఆశ్చర్యము లేదు.

వీనిని అతుకువారు తరచు పది పండ్రెండేండ్ల బాలురు. చేతికి నేర్పు రాలేదు, మనస్సునకు ఓర్పు రాలేదు. జిగురు ఎక్కువ వేయుదురు. అది ఆరకముందే చేతితో పట్టి చూతురు. అద్దముపై వ్రేలిముద్ర కరిగి శాశ్వతముగా నిలిచిపోవును. నాలుగు చక్రములలో మూడే నేలను తాకును. రంగు కుంచెగీతలతో దట్టముగా పడి, తలుపుల అంచులు, మీట గుర్తులు పూడిపోవును. అయినను ఆ సాయంకాలము ఆ బాలునికి దానిని మించిన కారు లోకమున లేదు. ఈ మాట మరువరాదు.

జిగురు విషయమున ఒక సంగతి చెప్పవలసి యున్నది. వడ్రంగులు వాడిన వజ్రపుజిగురు రెండు చెక్కల నడుమ పొరగా నిలుచును. వేడిమి, తడి తగిలినచో అది వదలును. పాలిస్టైరీన్ జిగురు అట్టిది కాదు. అందలి ద్రవము రెండు ముక్కల అంచులను కరగించి, తాను గాలిలో కలిసిపోవును. మిగిలినది ఒకే ముక్క. బొబ్బిలిలో పనసమ్రానును తొలిచి కుండను, దండిని ఏకముగా చేసిన వీణను ఏకాండవీణ యని గౌరవింతురు. దానికి అతుకు లేకపోవుటయే కీర్తి. పిల్లవాని కారునకు వంకరగా కూర్చిన అతుకు కరిగి ఏకాండమగుటయే శాపము. జరిగిన తప్పు వస్తువుయొక్క శరీరములో కలిసిపోయినది. తప్పును మాత్రమే వేరుచేయుట ఇక సులభము కాదు.

అయినను ఉపాయములు గలవు. బొమ్మను రిఫ్రిజిరేటరులోని గడ్డకట్టు అరలో కొన్ని గంటలుంచినచో ప్లాస్టిక్ పెళుసై, బలహీనమైన అతుకులు పలుచని కత్తి మొనకు విడివడును. పాత ఎనామెల్ రంగును తొలగించుటకు పలువురు మోటారు బండ్ల బ్రేకు ఆయిలు వాడుదురు. అది రంగును వదలించును గాని పాలిస్టైరీన్‌ను సాధారణముగా చెరుపదు. అది విషపదార్థము గనుక చేతికి తొడుగు తప్పదు, పిల్లలను దరిచేరనీయరాదు. వెండివలె మెరయు భాగములపై పూత బట్టల తెల్లదనమునకు వాడు బ్లీచింగు ద్రవములో కరగిపోవును. తరువాత సందులలో పుట్టీ నింపి, నీటితో తడిపిన ఎమరీ కాగితముతో రుద్ది, ప్రైమరు పూసి, పలుచని పొరలుగా రంగు వేయవలెను. ప్రతి పొరయు ఆరువరకు ఆగవలెను. మొదటి బాలుడు ఒక సాయంకాలమున ముగించిన పనిని దిద్దుటకు పెద్దవానికి వారములు పట్టును.

బొమ్మపై ఇంత కాలము వ్యయపరచుట తగునా యని కొందరు అడుగుదురు. వస్తువు విలువనుబట్టి పనికి విలువ కట్టువారి ప్రశ్న ఇది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణములో ఆయ్దక్కి మారయ్య చేసిన కాయకమేమి? నేల రాలిన బియ్యపుగింజలను ఏరుట. ఒక్కొక్క గింజ వెల ఎంత? ఆ పనిని శరణులు అల్పమని యెంచలేదు. రాలినదానిని ఏరువానికిని, చెడినదానిని దిద్దువానికిని చుట్టరికము గలదు. ఇరువురును ఇతరులు వదలినదానియందు ఇంకను మిగిలియున్నదానిని చూచువారే. అయితే ఆ కథలో లక్కమ్మ కూడ నున్నది. ఆమె మాటకు తరువాత రావలెను.

కాలము మాట అట్లుండగా, అంతకంటె గట్టి ఆక్షేపణ యొకటి గలదు. పాత అచ్చులు తరచు నేటికిని నిలిచియున్నవి. వానితో మరల పోసిన పెట్టెలు అంగడికి వచ్చుచునే యున్నవి. అట్టిచో క్రొత్త పెట్టె కొని, నేర్పుగా కట్టుకొనరాదా? మరమ్మతు చేయువాడు "నాకు ఆ కారే కావలెను, అట్టి కారు కాదు" అని బదులు చెప్పును. బాగున్నది. కాని అతడు పాత రంగునంతయు కడిగి, అతుకులన్నిటిని విడదీసి, వ్రేలిముద్రపడిన అద్దమును పారవేసి, చక్రములను మార్చినచో, "ఆ కారు" అనుటకు మిగిలినదేమి? కొంత ప్లాస్టిక్. అది క్రొత్త పెట్టెలోను దొరకును. ఏమియు ముట్టనిచో మరమ్మతు లేదు, అంతయు మార్చినచో మరమ్మతు చేయబడినది లేదు. ఈ రెండింటి నడుమ గీత ఎచ్చట గీయవలెను?

పాశ్చాత్యులు ఈ చిక్కును కట్టడముల విషయమున చాల కాలము చర్చించిరి. 1849లో జాన్ రస్కిన్ తన వాస్తుగ్రంథములో పునరుద్ధరణము అనునది అబద్ధమేయని తీర్పు చెప్పెను. అది మితిమీరిన మాట. వాన కారుచున్న యింటిలో నివసించువాడు ఆ మాట అనజాలడు. 1923లో భారత పురావస్తుశాఖకు పరిరక్షణ నియమములు కూర్చిన జాన్ మార్షల్ ఎక్కువ ఉపకరించు మాట చెప్పెను: ఎంత సామాన్యమైన పాతపనిని ముట్టుకొన్నను, క్రొత్తపని చేయునప్పటి మనస్సుతో ముట్టుకొనరాదు. ఇది మహాస్తూపమునకే గాక అట్టపెట్టెలోని కారునకును వర్తించును.

అయినను గీత ఎచ్చట గీయవలెనను దానికి ఇంతకంటె దగ్గరగా బొబ్బిలి వీణయే సమాధానము చూపుచున్నది. వీణకు ఇరువదినాలుగు మెట్లు మైనపు దిమ్మెపై నిలుచును. కాలక్రమమున మైనము బిగియును, మెట్లు కదలును, స్వరము తప్పును. అప్పుడు పాత మైనమును తీసి క్రొత్తగా మేళము కట్టుదురు. తంత్రులు తెగినచో మార్చుదురు. ఇన్ని మారినను అది తాతగారి వీణయే యని ఇంటిలో ఎవరును సందేహింపరు. కుండను, దండిని మార్చినచో మాత్రము ఎవరును ఆ మాట అనరు. మారుటకే ఏర్పడిన భాగములు కొన్ని, నిలుచుటకు ఏర్పడిన భాగములు కొన్ని ప్రతి వస్తువునందును గలవు. కారునందు చక్రపు ఇరుసు, వంగిన అడుగుచట్రము, పెచ్చులూడిన రంగు మొదటి కోవకు చెందును. నిలువవలసినదేదో మాత్రము ప్లాస్టిక్‌ను చూచి చెప్పుటకు వీలులేదు. అది ఎవరి కారో తెలిసికొని చెప్పవలెను.

నరసన్నపేటలోనో, రాజాములోనో ఒక ఇంటిని ఊహింతము. అన్న పదునొకండేండ్లనాడు అతికిన కారు అటకపై దొరికినది. అన్న నేడు లేడు. తమ్ముడు ఏబది దాటినవాడు, చేతిపని తెలిసినవాడు. ఆ వంకర చక్రములను, ముద్దలుగా పడిన ఎర్రరంగును చూచి, అన్న జ్ఞాపకార్థము దీనిని నిజమైన కారువలె తీర్చిదిద్దవలెనని తలచును. ఉద్దేశము ఉత్తమమే. అద్దముపైనున్న మసకను తుడిచిన పోదు గనుక క్రొత్త అద్దము తెచ్చును. ఇంతలో తల్లి వచ్చి చూచి, "బాబూ, తక్కినది నీ యిష్టము, ఆ అద్దము మాత్రము తీయకు. అది వాడి వ్రేలు" అనును. తమ్మునికి దోషముగా కనబడినదే తల్లికి ఆ బొమ్మయందు మిగిలిన ఏకైక సత్యము. నేర్పరి కన్ను మంచిదే గాని అది తప్పులను మాత్రమే ముందుగా చూచును. తప్పు చేసిన చేతిని చూచుటకు వేరొక కన్ను కావలెను.

దీనినిబట్టి దోషములన్నియు పవిత్రములని చెప్పుట తగదు. అది మరియొక భ్రమ. అదే కారు అతికిన బాలుడు నేడు బ్రతికియుండి, "అప్పుడు నాకు చేతకాలేదు, ఇప్పుడు సరిగా కట్టుదును" అని తానే విప్పుకొన్నచో ఎవరు కాదనగలరు? తన తప్పును దిద్దుకొను హక్కు ప్రతివానికి గలదు. ఇతరుని తప్పును దిద్దువాడు మాత్రము అడిగి ముట్టవలెను. అడుగుటకు ఆ మనుష్యుడు లేనిచో, అతనిని ఎరిగినవారిని అడుగవలెను. ఎవరును లేనిచో, అంగడిలో కుప్పగా కొన్న అనామకపు కారైనచో, స్వేచ్ఛ ఎక్కువ. అప్పుడును ఒక్కసారి త్రిప్పి చూచి, అడుగున ఏ పేరైన గీయబడి యున్నదేమో పరీక్షించుట మర్యాద.

నిలుపరాని దోషము ఒకటి నిశ్చయముగా గలదు. అది హాని కలిగించునది. బొమ్మల పనిలో ఉత్తరాంధ్రకు పేరు తెచ్చిన ఏటికొప్పాక ఈ పాఠము చెప్పుచున్నది. నేడు అనకాపల్లి జిల్లాలోనున్న ఈ వరాహనదీతీర గ్రామమున అంకుడుకర్రను తరిమెనపై త్రిప్పుచు రంగులక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టును. మొగలియాకుతో మెరుగు పెట్టుదురు. రసాయనపు రంగులు వచ్చి పాత రంగులను త్రోసివేసిన పిమ్మట, సి.వి.రాజుగారు పసుపు, నీలిమందు, జాఫ్రాగింజల వంటి ప్రకృతిసిద్ధమైన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిరి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. పసిపిల్లలు బొమ్మను నోటిలో పెట్టుకొందురు గదా! పాత నూనెరంగులలో సీసము ఉండుట సాధారణము. అమెరికా 1978లో గృహోపయోగపు రంగులలోను, బొమ్మల రంగులలోను సీసమునకు కట్టడి విధించినది. భారతదేశమున గృహాలంకారపు రంగులలో పదిలక్షల భాగములకు 90 భాగములకు మించి సీసము ఉండరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలైనది. కావున పాత కారును పొడిగా గీకి, ఆ దుమ్మును ఇంటిలో ఎగురనిచ్చుట అపరాధము. తడిపి రుద్దవలెను. బాగుచేసిన బొమ్మను చంటిపిల్లలకు ఇచ్చు ఉద్దేశమున్నచో, ఎంత ముచ్చటైన పాత రంగైనను నిలుపరాదు. అన్నగారి ఎర్రరంగైనను నిలుపరాదు.

ఇక లక్కమ్మ మాట. ఒకనాడు మారయ్య రోజువారీ కంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. అవసరమునకు మించినదానిని తెచ్చిన చోటనే వదలి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఏరుట కాయకము, కూడబెట్టుట ఆశ. మరమ్మతు చేయువారికి ఈ ఆశ తెలియకుండ పట్టును. బాగుచేయుదునని ఒకటి తెచ్చును, పిదప పది, పిదప అర నిండును. ఏడాదికి రెండు బాగుచేయగలవాడు ఏబది పోగుచేసి, ఆ చెడిన బొమ్మలకు తానే క్రొత్త అటక యగును. మరికొందరు విప్పి అతికినదానిని "ముట్టని పాతది" యని పెద్ద వెలకు అమ్ముదురు. రస్కిన్ చెప్పిన అబద్ధమను మాట వీరికి సరిపోవును. చేసిన పనిని దాచినప్పుడే మరమ్మతు మోసమగును.

దాచకుండుటకు పెద్ద ప్రయత్నము అక్కరలేదు. తీసివేసిన ముక్కలను ఒక చిన్న కాగితపు పొట్లములో కట్టి కారుతోడనే యుంచవచ్చును. అడుగుచట్రము లోపలివైపు, ఎవరికిని కనబడనిచోట, మొదట అతికినవాని పేరు, తెలిసినచో ఆ సంవత్సరము, దాని క్రింద దిద్దినవాని పేరు, సంవత్సరము సన్నని కలముతో వ్రాయవచ్చును. అంగుళమంత చోటు చాలును. మూడవవాడు ఎవడైన వచ్చినచో అతని పేరునకును కొంత చోటు మిగులును.