అద్దెకివ్వని పాట

తిరుమలలో రాత్రి ఏకాంత సేవ వేళ తాళ్లపాక వంశంవారు స్వామికి జోల పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. "తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని మన వైపు పెద్దలు చెప్పుకునే మాట. జీతం, హోదా ఒకవైపు, మనసు కోరేది మరోవైపు లాగుతుంటే నలిగిపోయేవారు ఈ రోజు తాళ్లపాక అన్నమయ్యనూ, వెంగమాంబనూ తలచుకోవాలి.

అన్నమయ్య మనవడు చిన్నన్న, తాతగారి చరిత్రను ద్విపదలో రాశాడు. అందులోని కథ ఇది. సాళువ నరసింహరాయలు చంద్రగిరి దుర్గం నుంచి ఎదిగి, 1485లో విజయనగర సింహాసనమెక్కినవాడు. అన్నమయ్య అంటే అతనికి ఎంతో గౌరవం. ఒకనాడు పెనుకొండ కొలువులో అలమేలుమంగ మీద పదం విని మైమరచిపోయి, తన మీద కూడా అలాంటిదొకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. స్వామికిచ్చిన నోటితో మరొకరిని కీర్తించలేనన్నాడు. రాజు సంకెళ్లు వేయించాడు. స్వామిని వేడుకుంటే అవి ఊడిపడ్డాయట.

సంకెళ్లు ఊడిన మహిమ కంటే అంతకు ముందరి క్షణం నన్ను ఎక్కువగా నిలబెడుతుంది. అన్నమయ్య రాజును ద్వేషించలేదు. అతని స్నేహాన్నీ ఆదరాన్నీ కాదనలేదు. భార్యాబిడ్డలున్న సంసారి ఆయన. ఇవ్వనన్నది ఒక్కటే, పాట. దాన్ని మాత్రం అద్దెకివ్వలేదు. కల వెంట నడవాలంటే ఉన్నదంతా వదిలేయాలేమోనని మనం బెదిరిపోతాం. ఏది ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో ఆయనకు తెలుసు. మనకు తెలియాల్సిందీ అంతే.

మనసు కోరినదాని వెంట వెళ్తానని ఇంట్లో చెప్పడం మాత్రం కష్టం. బెంగళూరు ఉద్యోగం మానేసి శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుంటానని ఒక కూతురు అంటుంది. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీత గీయాలని ఆ పిల్ల ఆశ. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, తండ్రి మాట మానేస్తాడు. వాళ్లది డబ్బాశ అని తేలిగ్గా అనేయకూడదు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని బోర్లు చూసినవాళ్లు వాళ్లు. మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయి, పండించిన టమాటాను రోడ్డు పక్కన పారబోసి ఇంటికొచ్చినవాళ్లు. వానను నమ్మలేని సీమలో నెలనెలా పడే జీతమంటే ధైర్యం. పిల్లలు తమలా కష్టపడకూడదన్న ప్రేమే వాళ్ల చేత వద్దనిపిస్తుంది. ఆ ప్రేమకు దండం పెట్టాల్సిందే. కానీ వాళ్ల భయం చేతికి బిడ్డ బతుకంతా అప్పగించనక్కర్లేదు.

వద్దనేవాళ్లను వెంగమాంబ కూడా ఎదుర్కొంది. ఆమె 1730లో గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది. చిన్న వయసులోనే భర్త పోయాడు. తల వెంట్రుకలు తీయించుకోనంది, బొట్టు చెరపనంది, వేంకటేశ్వరుడే నా భర్త అంది. ఊరు ఊరుకోలేదు. చివరికి కొండెక్కి వచ్చింది, తుంబురుకోనలో తపస్సు చేసింది, వేంకటాచల మాహాత్మ్యం వంటి కావ్యాలు రాసింది. అన్నమయ్యకు కాదనడానికి రాజు కొలువైనా ఉంది. ఈమెకు కొలువులు, కానుకలు ఎవరూ చూపలేదు. ఉన్నదల్లా నలుగురిలో మర్యాద, దాన్నీ వదులుకుంది. ఇద్దరిలో ఈమెదే పెద్ద తెగువ అని నాకనిపిస్తుంది. ఇప్పుడు కొండ మీద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే. ఆ తల్లిని వెలివేసినట్లు చూసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ప్రార్థన: స్వామీ, ఇంటి ఖర్చుకు సరిపడా సంపాదించే శక్తి నాకివ్వు. అప్పు చేయించకు. నువ్విచ్చిన పనిని వెలకట్టి అడిగేవాళ్లు వచ్చినప్పుడు, మర్యాదగానే కాదనగలగాలి. ఎండిన బోరును తలచుకుని నిద్రపట్టని మా నాన్నకు కాస్త నిబ్బరం ప్రసాదించు. ఈ రాత్రి అన్నాల దగ్గర ఆయనతో నా మనసు కోరే పని మాట ఎత్తుతాను. ఆయన కోప్పడినా నేను గొంతు పెంచకుండా చూడు.