వంశవృక్షంలో పట్టని వాళ్లు

1640 జూన్‌లో క్యూబెక్ ఊళ్లో చర్చి కాలిపోయింది. అప్పటిదాకా పుట్టినవాళ్లు, పెళ్లాడినవాళ్లు, పోయినవాళ్లు ఎవరెవరో రాసిపెట్టిన రిజిస్టర్లు కూడా దానితోపాటే బూడిదయ్యాయి. ఊరు కట్టి అప్పటికి ముప్ఫై రెండేళ్లే. అక్కడ ఉన్న ఫ్రెంచివాళ్లు కొన్ని వందల మంది. పాదిరీలు ఊళ్లోవాళ్లను అడిగి, ఎవరికి ఎంత గుర్తుంటే అంత, మళ్లీ కొత్త పుస్తకంలోకి ఎక్కించారు. ఇవాళ ఫ్రెంచి కెనడా కుటుంబం ఏదైనా తమ మూలపురుషుల కోసం వెతుక్కుంటూ పోతే, చాలాసార్లు చేరేది మనుషుల జ్ఞాపకం మీద నిలబడ్డ ఆ పుస్తకం దగ్గరికే.

మాంట్రియల్‌కు వచ్చి స్థిరపడ్డాక ఇక్కడివాళ్లలో నన్ను ఆకట్టుకున్నది ఈ వెతుకులాటే. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన తల్లులు, ఒక్కోసారి కాలేజీ కుర్రాళ్లు కూడా నాలుగు వందల ఏళ్ల నాటి ముత్తాతల కోసం పాత రిజిస్టర్ల ముందు కూర్చుంటారు. వాళ్ల పక్కన కూర్చుని, అర్థమైనంత మేరకు నేనూ చదివాను. చదివినకొద్దీ ఒక ప్రశ్న నాలో బలపడింది. పూర్వీకులు దొరికాక, వాళ్లకు మనం ఏం బాకీ పడతాం?

ఇంత వెనక్కి వెళ్లడం ఇక్కడ సాధ్యం కావడానికి కారణం ఫ్రెంచి రాజ్యం రాతకు ఇచ్చిన విలువ. పుట్టిన పిల్లల బాప్తిస్మాలను ప్రతి చర్చిలోనూ రాసిపెట్టాలని ఫ్రాన్సులో 1539లోనే రాజశాసనం వచ్చింది. 1667లో వచ్చిన మరో శాసనం ప్రతి రిజిస్టరుకూ రెండు ప్రతులు ఉండాలంది. ఒకటి చర్చిలో, ఒకటి న్యాయస్థానంలో. వాటికి తోడు నోటరీలు. పెళ్లి ఒప్పందం, భూమి కౌలు, మనిషి పోయాక ఇంట్లో మిగిలిన కుండలు, దుప్పట్లు, ఎడ్ల జాబితా, అన్నీ వాళ్ల కాగితాల్లో ఉంటాయి. 1871 నుంచి 1890 దాకా సిప్రియన్ టాంగే అనే పాదిరీ ఈ కుటుంబాల వంశక్రమాన్ని ఏడు సంపుటాలుగా అచ్చువేశాడు. 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో జనాభా శాస్త్రజ్ఞులు ఈ రిజిస్టర్లన్నిటినీ కలిపి, మనిషికీ మనిషికీ చుట్టరికం అల్లే పని మొదలుపెట్టారు. ఒక జాతి తొలి తరాలను ఇంత నిండుగా చూపించే చోట్లు లోకంలో చాలా తక్కువ.

ఆ కాగితాల్లోంచి ఎవరు బయటికి వస్తారు? లూయీ ఎబేర్ పారిస్‌లో మందుల వ్యాపారి. 1617లో భార్య మరీ రోలేను, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని క్యూబెక్ వచ్చాడు. ఆ చలినేలను నాగలి లేకుండా, చేతి పనిముట్లతోనే సాగుచేశాడు. 1627 జనవరిలో మంచు మీద జారిపడి, ఆ దెబ్బతోనే పోయాడు. ఆ పొలంలో నాగలి దిగింది మరుసటి ఏడాది. ఆ తర్వాత ఏడాదే ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఫ్రెంచివాళ్లలో ఎక్కువమంది ఓడలెక్కి వెళ్లిపోయినా మరీ రోలే కుటుంబం కదల్లేదు.

1665లో ఫ్రాన్సు రాజు పంపిన పటాలంలో సుమారు 1,200 మంది సిపాయిలు దిగారు. వాళ్లలో నాలుగు వందల మంది దాకా ఇక్కడే కాపురం పెట్టారు. మరుసటి ఏడాది జాఁ తలోఁ అనే పరిపాలకుడు జనాభా లెక్క తీయిస్తే తేలింది 3,215 మంది. మగవాళ్లు 2,034, ఆడవాళ్లు 1,181. ఆ లోటు పూడ్చడానికే 1663 నుంచి 1673 దాకా సుమారు 770 మంది ఆడపిల్లలను రాజు తన ఖర్చుతో ఓడల మీద పంపాడు. వాళ్లను రాజుగారి ఆడపిల్లలు అంటారు. సగానికి పైగా తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు. చాలామంది పారిస్‌లోని అనాథాశ్రయం నుంచి వచ్చారు. దిగిన కొన్ని నెలలకే, ముక్కూమొహం తెలియని మగవాడితో పెళ్లి. పెళ్లి కాగితం చివర సంతకం చేయడం రాదని చెప్పినట్టు పాదిరీ రాసిన ముక్క ఒకటి ఉంటుంది. ఆ అమ్మాయి గొంతు అని మనం చెప్పుకోగలిగింది ఆ ఒక్క ముక్కే.

సముద్రం దాటి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ ఉండనే లేదు. మూడేళ్ల కూలి ఒప్పందం ముగియగానే చాలామంది ఇంటి దారి పట్టారు. కొందరికి చలి పడలేదు, కొందరికి బతుకు సాగలేదు, కొందరికి ఇంటి మీద బెంగ తీరలేదు. ఉండిపోయినవాళ్లే తాతముత్తాతలయ్యారు. ఉండిపోవడంలో ధైర్యం ఎంతో, వేరే దారి లేకపోవడం ఎంతో కాగితం చెప్పదు. ధైర్యవంతులనే మనం పూర్వీకులుగా ఊహించుకుంటాం. నిజానికి వాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడానికి ఓడ ఖర్చు లేనివాళ్లు కూడా అయి ఉండాలి.

పది తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకులు ఉండాలి. పన్నెండు తరాలకు ఆ లెక్క 4,096. కానీ ఇక్కడ మొదట్లో ఉన్నదే కొద్దిమంది. అందుకే వంశవృక్షం పైకి వెళ్లేకొద్దీ విస్తరించడం మానేసి, అవే పేర్ల దగ్గర మళ్లీ మళ్లీ కలుస్తుంది. జకారీ క్లూటియే అనే వడ్రంగి 1634లో వచ్చాడు. రాయడం రాక, సంతకానికి బదులు గొడ్డలి బొమ్మ గీసేవాడు. 1800 నాటికే అతని సంతతి పదివేలు దాటింది. ఇవాళ మాంట్రియల్ మెట్రోలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు అపరిచితులకు అతను ఒకే తాత కావడంలో ఆశ్చర్యం లేదు.

అంతమందికి తాత అయినవాడు ఏ ఒక్కరి సొత్తూ కాడు. వెనక్కి వెళ్లేకొద్దీ మా వంశం అనుకున్నది ఊరందరి వంశంగా మారిపోతుంది. ఆ ఉమ్మడితనం ఒంట్లో కూడా ఉంది. క్యూబెక్‌లోని సగనే ప్రాంతంలో టైరోసినీమియా అనే అరుదైన కాలేయ వ్యాధి కారక జన్యువు సుమారు ఇరవై మందిలో ఒకరికి ఉంటుంది. తొలి కుటుంబాల్లో కొందరు మోసుకొచ్చినది తరాలు దాటి పసిపిల్లల దాకా వచ్చింది. ఆ ప్రాంతంలోని షికూటిమీ ఊళ్లో పరిశోధకులు పాత చర్చి రిజిస్టర్లను కలిపి చుట్టరికాలు తీయడం ఇక్కడి వైద్యానికీ పనికొచ్చింది. పూర్వీకులు మనకు ఇచ్చేది మనం ఎంచుకునేది కాదు.

ఇక్కడి రిజిస్టర్లలో నా మనసుకు బాగా హత్తుకున్నది ఒకటుంది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, పోయినా, ఆడవాళ్ల పేరు పుట్టింటి పేరుతోనే రాశారు. అందుకే ఇక్కడ తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి అంటూ ఓడ దిగిన ఆడపిల్ల దాకా వెళ్లగలరు. మా అమ్మమ్మ తల్లి పుట్టింటి పేరు ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎన్ని తరాల ఆడవాళ్లు అలా మా కుటుంబ కథలోంచి జారిపోయారో ఇక్కడి పుస్తకాలు చూశాకే నాకు తట్టింది.

అవే రిజిస్టర్లలో వంశవృక్షంలోకి రాని మనుషులు కూడా ఉన్నారు. మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన ఒక పసివాడిని 1629లో ఇంగ్లీషువాళ్లు క్యూబెక్‌లో అమ్మారు. తర్వాత అతను గియోమ్ కుయార్ ఇంటికి చేరాడు. ఈ కుయార్ ఎబేర్ దంపతుల అల్లుడు, ఆ నేలలో మొదటి నాగలి పట్టినవాడు. ఆ పిల్లవాడికి 1633లో బాప్తిస్మం ఇచ్చి ఒలివియే లెజన్ అని పేరు పెట్టారు. 1654లో అతను పోయినప్పుడు రిజిస్టరులో పనివాడు అని రాశారు. కుయార్ దంపతులకు వేలాదిగా వారసులున్నారు. అదే ఇంట్లో పెరిగిన ఒలివియేకు ఎవరూ లేరు.

అతనొక్కడే కాదు. చరిత్రకారుడు మార్సెల్ త్రుదెల్ ఇవే రిజిస్టర్లు, నోటరీ కాగితాలు తిరగేసి, ఫ్రెంచి కెనడాలో బానిసలుగా బతికిన దాదాపు 4,200 మందిని లెక్కకు తెచ్చాడు. వాళ్లలో మూడింట రెండొంతులు ఈ నేల మీద పుట్టిన ఆదివాసులు. దూరప్రాంతాల యుద్ధాల్లో పట్టుబడి అమ్ముడుపోయినవాళ్లు. ఆ ఆదివాసీ బానిసలు సగటున పద్దెనిమిదేళ్లు కూడా బతకలేదు. చాలామందికి తల్లిదండ్రుల పేర్లు రాసే చోట ఏమీ ఉండదు. ఉండేది యజమాని పేరు. ఈ వ్యవహారానికి 1709లో చట్టబద్ధత కూడా ఇచ్చారు. ఇక రిజిస్టరు దాకా రానివాళ్ల సంగతి. ఫ్రెంచివాళ్లతో కలిసి వర్తకం చేసిన వెండాట్ అనే ఆదివాసీ జాతిలో 1634 నుంచి 1640 దాకా వరసగా వచ్చిన అంటురోగాలకు సుమారు సగం మంది పోయారు. వాళ్ల చావులు చాలావరకు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు.

నాకు తెలిసిన ఒక కుటుంబం తమ వంశక్రమం పుస్తకంగా రాసుకుంటూ పాత రిజిస్టరులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ఖననం చేసింది ఒక ఆదివాసీ పిల్లను. యజమానిగా ఉన్నది తమ తాత పేరు. ఇంట్లో కొన్నాళ్లు వాదన నడిచింది. అది మన చుట్టరికం కాదు కదా, ఎందుకు రాయాలని కొందరు. చివరికి ఇంటిపెద్దావిడ ఆ పిల్ల పేరు తమ పుస్తకంలో, ఆ తాత ఇంటి మనుషుల వరసలోనే రాసింది. ఇది ఎవరికీ క్షమాపణ కాదు, ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఉన్నది ఉన్నట్టు రాశానంది. పూర్వీకుల గురించి నేను చూసిన పనుల్లో నేను ఎక్కువగా గౌరవించేది అదే.

పూర్వీకులు దొరకగానే మనకు తేలికగా వచ్చేవి రెండు. ఒకటి గర్వం, రెండోది సిగ్గు. గర్వపడేవాళ్లు ఎబేర్ చేతి కష్టాన్ని తమ ఖాతాలో వేసుకుంటారు. సిగ్గుపడేవాళ్లు ఆ పేజీ తిప్పేసి, వంశమే వద్దంటారు. రెండిట్లోనూ మధ్యలో కూర్చునేది మనమే, పోయినవాళ్లు కాదు. అనాథగా ఓడెక్కిన ఆడపిల్ల కష్టం నిజం. ఆమె కాపురం చేసిన నేల మరొకరిదన్నదీ నిజం. ఒకదాన్ని చూపి మరొకదాన్ని చెరిపేయలేం.

మన పెద్దలు దీన్ని ఋణం అన్నారు. పితృఋణం తీర్చడమంటే సంతానాన్ని కనడం, తద్దినం పెట్టడం అని చిన్నప్పటి నుంచి విన్నాను. మా నాన్నగారికి తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతాను. చివర్లో తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివాళ్లకు కూడా నీళ్లు వదిలే ఒక అంశం ఉంది. ఏళ్ల తరబడి అది ఆచారంగానే నోటితో అనేశాను. ఒలివియే లెజన్ గురించి చదివాక దాని బరువు తెలిసింది. వారసులు లేకుండా పోయినవాళ్ల బాకీ వారసులున్నవాళ్ల మీద పడుతుంది. వాళ్ల తరఫున గుర్తుంచుకోవడానికి ఇంకెవరూ లేరు.

రాసిన పుస్తకానికి మనుషులు ఎంత విలువ ఇస్తారో అకాడియా వాళ్ల కథ చెబుతుంది. ఇప్పటి నోవా స్కోషియా తీరంలో స్థిరపడ్డ ఫ్రెంచి రైతులను 1755లో ఇంగ్లీషు ప్రభుత్వం ఇళ్లు తగలబెట్టి ఓడలెక్కించింది. ఎనిమిదేళ్లలో పదివేల మందికి పైగా చెదిరిపోయారు. ప్రవాసంలో ఊరూరా తిరుగుతూ కూడా గ్రాఁ-ప్రే ఊరివాళ్లు తమ చర్చి రిజిస్టర్లను వదల్లేదు. అవి చివరికి లూసియానా చేరాయి. ఇప్పుడు బేటన్ రూజ్‌లో భద్రంగా ఉన్నాయి. భూమి పోయినా, మేం ఫలానావాళ్లం అని చెప్పుకోవడానికి వాళ్లకు మిగిలిన రుజువు అది.

ఈ రిజిస్టరు అలవాటును ఫ్రెంచివాళ్లు గోదావరి ఒడ్డున యానానికీ తెచ్చారు. అక్కడి జనన, వివాహ, మరణాల పాత నమోదులు ఇప్పుడు ఫ్రాన్సులోని ఎక్స్-ఆఁ-ప్రోవాఁస్ పురాలేఖ నిలయంలో ఉన్నాయి. యానాం మూలాలున్న తెలుగు కుటుంబాలకు అదొక అవకాశం. మిగిలిన మనలో చాలామందికి అలాంటి పుస్తకం లేదు. మనకున్నది ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల జ్ఞాపకం. కాలిపోయిన క్యూబెక్ రిజిస్టరును నిలబెట్టింది కూడా జ్ఞాపకమే.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. తాతల పేర్లతో ఆగిపోకండి. అమ్మమ్మల, నాయనమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లు రాయండి. పుట్టి పోయిన పసివాళ్లనూ రాయండి. మీ పొలంలో పాలేరుగా బతుకు గడిపినవారి పేరు, మీ ఇంట్లో పురుళ్లు పోసిన మంత్రసాని పేరు ఎవరికైనా గుర్తుంటే, అవి కూడా అదే పుస్తకంలో, అదే పేజీలో రాయండి. పూర్వీకులకు మనం తీర్చగల అప్పు అదొక్కటే.