నిదానంగా నేర్చుకొనే బిడ్డకు వరుసలో చోటు

 

నమాజు వరుసను ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. అక్కడ ధనికుడి భుజానికి కూలీవాని భుజం ఆనుకొని ఉంటుంది. నిలబడలేనివాడు కూర్చొని నమాజు చేస్తాడు. కూర్చోలేనివాడు పడుకొని చేస్తాడు. అశక్తుని కోసం షరీఅత్ నమాజు పద్ధతిని సులభం చేసిందే గాని, అతడిని వరుస నుండి వెళ్ళగొట్టలేదు. మరి మన పాఠశాలల్లో, మన మక్తబుల్లో ఈ నియమం అమలవుతున్నదా? బుద్ధి నిదానంగా వికసించే బిడ్డకు, మాట సరిగా రాని బిడ్డకు, చూపు లేక వినికిడి లేని బిడ్డకు అక్కడ చోటు దొరుకుతున్నదా? ఈ ప్రశ్న ఇతరులను అడిగే ముందు మమ్మల్ని మేమే అడగవలసి వచ్చింది.

మేము చేసిన పొరపాటు

సికింద్రాబాద్‌లోని మా మొహల్లా మస్జిదులో అస్ర్ నమాజు తరువాత పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే మక్తబు నడుస్తుంది. ఒక తల్లి తన పదేళ్ళ కొడుకును అక్కడికి తీసుకొని వచ్చింది. పిల్లవాడు వయసుకు తగిన ఎదుగుదల లేనివాడు. ఒకచోట కుదురుగా కూర్చోడు. పక్క పిల్లల టోపీలు లాగుతాడు. ఉస్తాదు ఒక్కరే, పిల్లలు నలభై మంది. నాలుగో రోజుకే కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. మేము ఆ తల్లిని పిలిచి, ఎంతో ఓదార్పుగా చెబుతున్నామనే అనుకొని, “అమ్మా, ఈ బిడ్డ అమాయకుడు. అల్లాహ్ వద్ద ఇతనికి లెక్కా పత్రం ఉండదు. ఇంట్లోనే ఉంచుకో” అన్నాము.

ఆమె కొంగుతో బిడ్డ మూతి తుడిచి, “స్వర్గంలో వీడికి జాగా ఉందంటున్నారు, మస్జిదులో మాత్రం జాగా లేదంటున్నారు” అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. మేము చెప్పిన ధర్మవిషయం తప్పు కాదు. బుద్ధి వికసించని వానిపై కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) బోధించారు. కాని ఆ ఉపదేశం ఆ బిడ్డ భారాన్ని తేలిక చేయడానికి వచ్చింది. దాన్ని మేము మా భారం తేలిక చేసుకోవడానికి వాడుకున్నాము. బిడ్డపై విధి లేకపోవచ్చు. ఆ బిడ్డ పట్ల మనపై మాత్రం విధి ఉంది.

‘అబస’ సూరా నేర్పే పాఠం

దివ్యఖుర్ఆన్‌లోని 80వ సూరా పేరు ‘అబస’. మక్కాలో దైవప్రవక్త (స) ఒకనాడు ఖురైష్ నాయకులకు సత్యాన్ని బోధిస్తున్నారు. వారు విశ్వసిస్తే ఎందరికో మేలు కలుగుతుందని ఆయన ఆశ. అంతలో అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధుడు వచ్చి తనకు నేర్పమని అడిగారు. ఆ సమయంలో అంతరాయం కలగడం ప్రవక్త (స)కు నచ్చక ముఖం తిప్పుకొన్నారు. ఉద్దేశం ఎంత గొప్పదైనా, నేర్చుకోవాలని వచ్చిన అంధుని కంటే పట్టించుకోని పెద్దలకు ప్రాధాన్యం ఇవ్వడాన్ని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ప్రళయం వరకు చదవబడే గ్రంథంలో భాగమైపోయింది.

తరువాత జరిగినది కూడా గమనించండి. ప్రవక్త (స) ఆయనను గౌరవించి ఊరుకోలేదు, బాధ్యతలు అప్పగించారు. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయన కూడా మదీనాలో అజాన్ ఇచ్చేవారు. ప్రవక్త (స) ప్రయాణంలో ఉన్నప్పుడు మదీనాలో ఆయననే తన ప్రతినిధిగా నియమించిన సందర్భాలున్నాయి. అంధునికి జాలి చూపించి ఒక మూల కూర్చోబెట్టడం ఇస్లామ్ పద్ధతి కాదు. అతనికి నేర్పాలి, అతని చేత పని చేయించాలి, అతనిని సమాజం మధ్యలో నిలబెట్టాలి.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యఫలాలు లభిస్తాయని బుఖారీ, ముస్లిమ్ హదీసు గ్రంథాలలో ఉంది. ఆలోచించండి. మన మక్తబులో ఒక్క రోజులో పాఠం అప్పజెప్పే తెలివైన పిల్లవానికి బహుమతి ఇస్తాము. ఒక్క అక్షరం కోసం నెల రోజులు నాలుకతో పోరాడే పిల్లవాడిని ఇంటికి పంపుతాము. అల్లాహ్ వద్ద రెండింతలు సంపాదించుకొనే విద్యార్థిని మనమే గేటు బయట నిలబెడుతున్నాము!

మన ఊరిలోనే ఉన్న అవకాశం

‘ఇలాంటి పిల్లలకు నేర్పడం ఎవరికి తెలుసు?’ అని అడగడం సహజమే. తెలిసినవారు మన పక్కనే ఉన్నారు. బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థను స్థాపించింది. మనవారందరూ ఎన్.ఐ.ఎమ్.హెచ్. అని పిలిచిన ఆ సంస్థే తరువాత పేరు మార్చుకొని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది. బిడ్డ ఎదుగుదలను పరీక్షించడం, మాటకు, నడకకు శిక్షణ, ప్రత్యేక విద్య, తల్లిదండ్రులకు మార్గదర్శనం, ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ అక్కడ జరుగుతాయి. దేశం నలుమూలల నుండి తల్లిదండ్రులు రైలెక్కి వస్తారు. పక్క మొహల్లాలో ఉన్న మనం మాత్రం తావీజు కోసం ఊరూరా తిరుగుతూ బిడ్డ తొలి సంవత్సరాలు పోగొట్టుకొంటాము. దుఆ చేయాలి, చికిత్స కూడా చేయించాలి. రెండూ ప్రవక్త (స) నేర్పినవే.

చట్టం కూడా బిడ్డ పక్షానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం లేక అంతకు మించిన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరలోని మామూలు పాఠశాలలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది ఆ బిడ్డ ఎంపిక. బడికి రాలేనంత తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి వద్దే చదువుకొనే హక్కును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఈ పిల్లల కోసం ‘భవిత’ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. ‘మా తరువాత ఈ బిడ్డను ఎవరు చూస్తారు’ అని కుమిలిపోయే తల్లిదండ్రుల కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం 18 ఏళ్ళు దాటిన వారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించే మార్గం చూపింది. బుద్ధిబలం తక్కువగా ఉన్నవారి ఆస్తిని జాగ్రత్తగా చూడండి, దాని నుండి వారికి తిండి, బట్ట సమకూర్చండి, వారితో మంచిగా మాట్లాడండి అని ‘నిసా’ సూరా ఏనాడో ఆదేశించింది.

ఖర్చు ఎవరిది?

చట్టం చోటు ఇచ్చింది. కాని చోటు ఇస్తే సరిపోదు, ఆ చోటులో కూర్చొన్న బిడ్డకు నేర్పే మనిషి కావాలి. ప్రాథమిక తరగతులలో ఇలాంటి పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. సమగ్ర శిక్షా పథకం కింద ఇలాంటి ఒక బిడ్డ అవసరాలకు ఏడాదికి 3,500 రూపాయల వరకు అని లెక్క కట్టారు. రోజుకు పది రూపాయలు కూడా కాదు. టీచరు జీతం ఇందులో లేదు, నిజమే. అయినా పది రూపాయలలో ఒక బిడ్డకు ఏమి కొనగలమో మీరే చెప్పండి. ఈ నిధులు పెరగాలని, ఖాళీలు నింపాలని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. పాఠశాల యాజమాన్య కమిటీలో కూర్చొని అడగాలి, ఎన్నికలప్పుడు అడగాలి.

ఇస్లామ్ చరిత్రలో ఇది కొత్త విషయం కాదు. ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705–715) వ్యాధిగ్రస్తులకు భత్యాలు ఇచ్చి, నడవలేనివారికి సేవకులను, అంధులకు దారి చూపేవారిని నియమించాడని చరిత్రకారులు వ్రాశారు. ఆ ఖర్చు బిచ్చంగా కాదు, ఖజానా నుండి ఇవ్వబడింది.

ప్రభుత్వం తన పని చేసేదాకా మనం చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. రమజానులో మన ఇళ్ళ నుండి జకాత్ వెళుతుంది. ఈ విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది: బిడ్డ కుటుంబం జకాత్‌కు అర్హమైనదైతే చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, శిక్షణకు వెళ్ళే ఆటో ఛార్జీ కోసం జకాత్ సొమ్మును వారి చేతికే ఇవ్వవచ్చు. రెండవది: హనఫీ పండితుల ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని సొత్తు కావాలి గనుక, మెట్ల పక్కన ర్యాంపు కట్టడానికి, ప్రత్యేక టీచరు జీతానికి దాన్ని వాడకూడదు. వాటి కోసం సదఖా, చందా, వక్ఫ్ ఆదాయం వాడాలి. సందేహం ఉంటే మీ ఆలిమ్‌ను అడిగి చేయండి. షామియానాకు, లైట్లకు చందా దొరికే మొహల్లాలో ఒక టీచరు జీతానికి చందా దొరకదంటే, లోటు డబ్బులో లేదు.

మన యువతకు కూడా ఒక మాట. ప్రత్యేక విద్యలో డిప్లొమా, బి.ఇడి. కోర్సులు ఉన్నాయి. ఇంజనీరింగ్ సీటు రాలేదని బాధపడే కొడుకులకు, కూతుళ్ళకు ఈ దారి చూపించండి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ప్రత్యేక టీచరు మన మొహల్లాలకు ఎంతో అవసరం. జీవనోపాధి లభిస్తుంది, ఇన్షా అల్లాహ్ పరలోక సామగ్రి కూడా సమకూరుతుంది.

తిరిగి ఆ తల్లి గడపకు

మేము ఆ తల్లి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, అది ఆమె హక్కు. రెండు వారాల తరువాత పంపింది. డిగ్రీ చదివే ఒక కుర్రవాడిని చిన్న జీతంపై పెట్టి, ఆ పిల్లవాని పక్కనే కూర్చోబెట్టాము. అరగంట పాఠాన్ని పది నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేశాము. మధ్యలో పిల్లలందరికీ నీళ్ళు అందించే పని వాడికి ఇచ్చాము. ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు. ఒక కుటుంబం తన పిల్లలను మాన్పించుకొంది కూడా. కాని ఏడు నెలలకు ఆ బిడ్డ బిస్మిల్లాహ్ మొత్తం పలికాడు. ఆ రోజు నలభై మంది పిల్లలు చప్పున నిశ్శబ్దమయ్యారు. ఒక తోటివానికి కష్టమైనది వచ్చేదాకా వేచి ఉండడం వారు నేర్చుకొన్నారు. ఆ పాఠం మేము వారికి నేర్పలేదు, వాడే నేర్పాడు.

మనకు సహాయం, ఉపాధి మనలోని బలహీనుల మూలంగానే లభిస్తున్నాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. అలాంటప్పుడు మన ఇంటికి శుభాన్ని తెచ్చే బిడ్డను మూల గదిలో దాచడం ఎంత పెద్ద నష్టం! మతిస్థిమితం లేని ఒక స్త్రీ తనతో పని ఉందని అంటే, ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలోనే ఆగి ఆమె మాట పూర్తిగా విన్న ప్రవక్త (స) అనుచరులం మనం. రేపు ప్రళయదినాన మనం దాచిన ఆ బిడ్డ, ‘వీరు నాకు ఎందుకు నేర్పలేదు ప్రభూ’ అని అడిగితే మన వద్ద సమాధానం ఉందా?

ఈ శుక్రవారం నమాజు తరువాత మీ మస్జిదు కమిటీని ఈ ఒక్క ప్రశ్న అడగండి: మన మొహల్లాలో ఇలాంటి బిడ్డలు ఎందరు, వారిలో ఎందరు చదువుకొంటున్నారు? లెక్క తేలితే సగం పని అయినట్లే.

ఓ అల్లాహ్! నీవు అమానత్‌గా ఇచ్చిన ఈ పసివారి హక్కును గుర్తించే బుద్ధిని, దాన్ని నెరవేర్చే శక్తిని మాకు ప్రసాదించు. వారి తల్లిదండ్రుల సహనానికి ఉత్తమ ప్రతిఫలం ఇవ్వు. మా పొరపాట్లను మన్నించు. ఆమీన్.