తైపే వెళ్తున్న మా నాచారం బిడ్డకు

బిడ్డా,

మార్చిలో జరిగే తైపే సైకిల్ ప్రదర్శనకు నీ స్పాన్సర్ కంపెనీ నిన్ను వెంట తీసుకెళ్తోందని మీ నాన్న చెప్పాడు. నాచారం గల్లీల్లో సైకిల్ నేర్చిన పిల్ల అంత పెద్ద కంపెనీ పక్కన, నాంగాంగ్ ప్రదర్శనశాలలో నిలబడుతుందంటే మన ఇంటికి ఎంత పండగో వేరే చెప్పాలా! అయితే మౌంటెన్ బైక్ మీద గుట్ట దిగడం నీకు కోచ్ నేర్పాడు గానీ, స్టాల్‌లో నిలబడటం ఎవరూ నేర్పలేదు. నేను బతుకంతా ఇండస్ట్రియల్ ఏరియా షెడ్లలో లేత్ మీద పనిచేసినవాణ్ని. ఇంజనీరింగ్ ప్రదర్శనలకు మా యజమాని ముక్కలు పట్టుకెళ్లినప్పుడల్లా, వాటిని చేసిన మనిషి పక్కనుంటే మంచిదని నన్నూ తీసుకెళ్లేవాడు. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెప్తాను. ఓపిగ్గా చదువు.

అక్కడి వాతావరణం నుమాయిష్ లాంటిది కాదు. నాంపల్లిలో ఏటా జనవరిలో మొదలయ్యే మన నుమాయిష్‌కు జనం పిల్లాపాపలతో వస్తారు, తిరుగుతారు, తింటారు, నచ్చింది కొనుక్కుపోతారు. తైపేకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వందల్లో, వేలల్లో ఆర్డరు పెట్టేవాళ్లు. డిస్ట్రిబ్యూటర్లు, షాపుల యజమానులు, డిజైనర్లు, విడిభాగాలు చేసేవాళ్లు. ఒక్కొక్కరు నీ దగ్గర నిలబడేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో నీ పతకాల కథ ఎత్తుకుంటే అవతలి మనిషి మర్యాదకు నవ్వి వెళ్లిపోతాడు. పతకాల సంగతి కంపెనీ బోర్డు మీద రాస్తుందిలే. వాళ్లకు కావలసింది వేరే ఉంది, అది నీ దగ్గరే ఉంది.

మన నేల. అదే నీ ఆస్తి.

నువ్వు సాధనకు వెళ్లే రాచకొండ గుట్టలైనా, మనకు దగ్గరి మౌలాలి గుట్టయినా, వరంగల్ రోడ్డులో కనబడే భువనగిరి ఏకశిలైనా అంతా గ్రానైటే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఎండకూ వానకూ అది పొరలుగా చిట్లి, చిట్లి గరుకు ఇసుకవుతుంది. ఆ ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7. అల్యూమినియం 3 దాకా కూడా రాదు. నున్నటి బండ మీద ఆ ఇసుక పలచగా పరుచుకుంటే టైరు ఎలా జారుతుందో నీ మోచేతులకు తెలుసు. అదే ఇసుక చెయిన్‌లో చేరితే లింకులు అరిగిపోతాయి. ఫోర్కు సీళ్ల సందుల్లో దూరితే గొట్టాల మీద గీతలు పడతాయి. దానికి తోడు మే నెల ఎండ. ట్యూబు లేని టైరులో పోసే సీలెంట్ చల్లటి దేశాల్లో నిలిచినన్నాళ్లు మన దగ్గర నిలవదు, ఎండిపోయి పొలుసులు కడుతుంది. సరిగ్గా అప్పుడే సర్కారు తుమ్మ ముల్లు దిగుతుంది. ఇక వానాకాలంలో తాండూరు వైపు రేగడి నేలల్లోకి వెళ్తే మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య కూరుకుపోయి సైకిల్‌ను భుజాన మోసుకు రావాల్సిందే.

కంపెనీలు పరీక్షించకుండా సరుకు అమ్మవు. ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం ఉంది. ఫ్రేమును యంత్రానికి బిగించి, పెడల్ తొక్కినట్టు మళ్లీ మళ్లీ బరువు పెట్టి చూస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ గదిలో సర్కారు తుమ్మ ఉండదు, మొరం దుమ్ము ఉండదు. ఆ లోటు తీర్చగల మనిషివి నువ్వు. అందుకని ఇవాళే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. ఏ భాగం ఎప్పుడు బిగించావు, ఎన్ని కిలోమీటర్లకు అరిగింది, ఏ నేల మీద, ఏ కాలంలో, ఏం చేస్తే కుదిరింది, అన్నీ రాసుకో. అరిగిన బ్రేక్ ప్యాడ్లు, సాగిన చెయిన్, వంగిన డీరెయిలర్ హ్యాంగర్ ఏదీ పారేయకు. ఒక్కోదానికి తేదీ రాసిన చీటీ కట్టి వెంట తీసుకెళ్లు. మాటలతో చెబితే డిజైనర్ తల ఊపుతాడు. అరిగిన ముక్క అరచేతిలో పెడితే కళ్లజోడు సవరించుకుని వెలుతురులోకి వెళ్లి తిప్పి తిప్పి చూస్తాడు. ఎన్నో ప్రదర్శనల్లో కళ్లారా చూశాను.

నీ ఆట పుట్టిందే ఇలాగ. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రవాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండ దిగే పోటీ పెట్టుకున్నారు. కిందికి వచ్చేసరికి వెనక హబ్‌లోని బ్రేకు వేడెక్కి గ్రీజు మాడిపోయేది. విప్పి, కొత్త గ్రీజు దట్టించి మళ్లీ పైకి వెళ్లేవాళ్లు. అలా విప్పి బిగించిన జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ వంటివాళ్లే తర్వాత మౌంటెన్ బైకులు తయారుచేసి అమ్మారు. ముందు తొక్కారు, తర్వాత తయారుచేశారు.

సస్పెన్షన్ ఫోర్కు సంగతి కూడా తెలుసుకో. మోటార్‌సైకిల్ రేసు జట్టులో మెకానిక్‌గా చేసిన పాల్ టర్నర్ 1987లో, లాంగ్ బీచ్‌లో జరిగిన సైకిల్ వర్తక ప్రదర్శనలో కీత్ బాంట్రేగర్‌తో కలిసి ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్‌ను ప్రదర్శనకు పెట్టాడు.  రెండేళ్లకు, 1989లో, అతని రాక్‌షాక్స్ కంపెనీ వచ్చింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి యూసీఐ మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలు జరిగితే, డౌన్‌హిల్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ కంపెనీ ఫోర్కు మీదే గెలిచాడు. ప్రదర్శనలో పెట్టిన ఆలోచన రేసర్ చేతుల్లో రుజువైంది. కాబట్టి ఖాళీ దొరికినప్పుడు లైట్లు, సంగీతం ఉన్న స్టాళ్ల చుట్టూ తిరగకు. మూలల్లో ఒక బల్ల, రెండు ముక్కలు పెట్టుకుని కూర్చునే చిన్నవాళ్ల దగ్గరికి వెళ్లు. ఏం చేశారో, ఎందుకు చేశారో అడుగు. రేసర్ వచ్చి అడిగితే వాళ్లకు అంతకన్నా కావలసింది లేదు.

పోయినేడాది రాయి తగిలి, నీ డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిన రోజులు గుర్తున్నాయా? విరగడంలో తప్పేం లేదు. ఫ్రేము బతకాలని ఆ ముక్కను కావాలనే మెత్తగా చేస్తారు. వేలెడంత ఆ ముక్క దేశంలో ఎక్కడా దొరక్కపోవడం తప్పు. మన షెడ్డులో 6061 అల్యూమినియం పట్టీ తెచ్చి, మిల్లింగ్ మీద కోసి, ఎం10 సైజుకు ఒక మిల్లీమీటరు పిచ్‌తో మర వేసి ఇచ్చాం. నీ రేసు ఆగలేదు. కానీ షెడ్డులో పెద్దనాన్న లేని పిల్లలు ఎంతమంది బిడ్డా! వేల రూపాయలు పెట్టి కొన్న సైకిల్ ఒక్క చిన్న ముక్క కోసం నెలల తరబడి గోడకు ఆనుకుని ఉంటే వాళ్ల గతేమిటి? 2019లో స్రామ్ కంపెనీ ఒక పద్ధతి తెచ్చింది, దానికి అనుగుణంగా చేసిన ఫ్రేములన్నిటికీ ఒకే హ్యాంగర్ పడుతుంది. మీ కంపెనీ కొత్త ఫ్రేము ఆ పద్ధతిలో ఉందా? హబ్‌లో బేరింగులు 6902 లాగా మన రాణిగంజ్ దుకాణాల్లో దొరికే నంబర్లేనా, కంపెనీ దగ్గరే కొనాల్సినవా? ఫోర్కు సీళ్ల కిట్లు హైదరాబాద్‌లో ఎవరి దగ్గర ఉంచుతారు? ఈ ప్రశ్నలు స్టాల్ ముందు, కొనేవాళ్ల ఎదుట అడగకు. సాయంత్రం జనం తగ్గాక మీ కంపెనీ ఇంజనీరుతో కూర్చుని అడుగు. నలుగురి ముందు అడిగితే అతను కంపెనీ పరువు కాపాడుకునే పనిలో పడతాడు. ఒంటరిగా అడిగితే నోట్ చేసుకుంటాడు.

మనవాళ్ల సంగతి అడిగితే తల వంచుకోకు. హిమాచల్‌లో మౌంటెన్ బైక్ హిమాలయ రేసు 2005లో మొదలైంది. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు కేరళలోని పొన్ముడిలో జరిగాయి. లూధియానాలో, చెన్నై అంబత్తూరులో సైకిళ్లు చేసే చేతులు ఎప్పటినుంచో ఉన్నాయి. మన దగ్గర లేనిది గుట్టలకు తగ్గ నాణ్యమైన విడిభాగం, దాన్ని అందించే దుకాణం. అదే చెప్పు.

తైవాన్‌లో చూడాల్సింది ఇంకొకటుంది. 1972లో కింగ్ లియు జెయింట్ కంపెనీని తైచుంగ్ ప్రాంతంలో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన పెట్టిన చేపల చెరువులు తుపానుకు కొట్టుకుపోయాయి. చాలాకాలం వేరే దేశాల కంపెనీల పేరుతో సైకిళ్లు చేసిచ్చి, ఆ తర్వాత సొంత పేరు నిలబెట్టుకున్నారు. 2007లో, 73 ఏళ్ల వయసులో, ఆయన సైకిల్ మీద తైవాన్ మొత్తం చుట్టొచ్చాడు. ఆ కంపెనీలో మొదటినుంచీ ఉన్న బోనీ టూ 2008లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా లివ్ అనే పేరుతో సైకిళ్లు తెచ్చింది, 2017లో మొత్తం కంపెనీకే ఛైర్మన్ అయింది. ప్రదర్శన ముగిశాక ఒక్కరోజు ఎక్కువ ఉంచమని అడిగి తైచుంగ్ వెళ్లు. హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం. అక్కడి చిన్న ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసేవాళ్లను, మర కోసేవాళ్లను చూడు. మన నాచారం, మల్లాపూర్ షెడ్లలో ఉన్న మనుషుల్లాంటివాళ్లే. తేడా ఎక్కడ వస్తోందో కళ్లు పెట్టి చూసి వచ్చి మాకు చెప్పు. మన షెడ్లకు ఆ కబురు చాలా అవసరం.

బోనీ టూ పేరు ఊరికే ఎత్తలేదు. స్టాల్‌లో ఆడపిల్లను అలంకారానికి నిలబెట్టే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. ఫొటోకి నవ్వడంలో తప్పు లేదు. కానీ రోజంతా ఫొటోలకే పిలుస్తుంటే, ఫోర్కు గురించి అడిగిన ప్రశ్నకు నువ్వుండగా నిన్ను దాటి పక్కనున్న మగవాడికి అప్పగిస్తుంటే, మర్యాదగానే ముందుకొచ్చి జవాబు నువ్వే చెప్పు. దాన్ని గుట్ట మీంచి దించింది నువ్వు.

తిండి సంగతి గట్టిగా చెప్తున్నా. ఆ హాల్లో జెల్లులు, పొడులు, బిళ్లలు ఉచితంగా పంచుతారు. ఒక్కటి కూడా నోట్లో వేసుకోకు. నిషేధిత పదార్థం నీ శరీరంలో దొరికితే, అది ఎలా చేరినా బాధ్యత నీదే అంటుంది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమం. మన దేశంలో 2022లో డోపింగ్ నిరోధానికి చట్టం కూడా వచ్చింది. తెలియక తిన్నానంటే రేసు బతుకు దెబ్బతినకుండా ఉండదు. ఇంటినుంచి తీసుకెళ్లింది, మీ కోచ్ చూసినది, అంతే. మంచినీళ్ల సీసా కూడా మూత నువ్వే తీసుకో.

కాగితాల మీద అక్కడ సంతకం పెట్టకు. ప్రదర్శనల్లో ఉత్సాహం ఎక్కువ, వేరే కంపెనీవాళ్లు కూడా వచ్చి హెల్మెట్ ఇస్తాం, బూట్లిస్తాం అంటారు. ఇప్పుడున్న ఒప్పందం దానికి ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ఎన్నేళ్లు, గాయమై ఆర్నెల్లు మంచాన పడితే ఏమిటి, నీ ఫొటో ఎప్పటిదాకా వాడుకుంటారు, ఇచ్చిన సైకిల్ తిరిగివ్వాలా, ఇవన్నీ రాతలో ఉండాలి. వస్తువుగా ఇచ్చినదాని మీద కూడా పన్ను ఉంది బిడ్డా. ఏడాదిలో ఇచ్చిన వాటి విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ అని 2022 జులై నుంచి నియమం. అది నీకెలా వర్తిస్తుందో వెళ్లేముందే ఉప్పల్‌లో మీ నాన్న లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కనుక్కో.

చివరగా అసలు మాట. ఆ స్టాల్‌లో తీసిన నీ ఫొటో రేపు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరో, జనగామలోనో, ఖమ్మంలోనో ఒక సైకిల్ షాపు గోడ మీద ఉంటుంది. ఒక తండ్రి కొడుకునో కూతురినో తీసుకొచ్చి ఆ ఫొటో చూసి, మన పిల్ల తొక్కిందంటే మంచిదే అయ్యుంటుందని నమ్మి ఆ సైకిల్ కొంటాడు. అది ఆయనకు నెలల జీతం. కంపెనీ నీకు సైకిల్ ఇచ్చింది, ఖర్చులు పెట్టింది, ఆ కృతజ్ఞత ఉండాల్సిందే. వాళ్ల రంగు వేసుకో, వాళ్ల కోసం గెలువు, వేదిక మీద వాళ్ల పేరు చెప్పు. బాగున్నదాన్ని మనసారా బాగుందను. బాగా లేనిదాన్ని స్టాల్‌లో తిట్టాల్సిన పనీ లేదు, లోపల ఇంజనీరుకు చెప్పు. కానీ ఎవరైనా సూటిగా, ఇది మా ఊళ్లో నిలబడుతుందా అమ్మా అని అడిగితే, సొంత డబ్బు పెట్టి నువ్వు కొనేదానివా కాదా అన్నదే జవాబుగా చెప్పు. అందుకు కంపెనీ ముఖం ముడుచుకుంటే ఆ స్పాన్సర్‌షిప్ మనకు వద్దు.

నీ పెద్దనాన్న