సరేనన్నంత మాత్రాన...

మొహమాటం అనే మాటకి ఇంగ్లీషులో సరైన మాట లేదంటూంటారు. మాట లేకపోతే లేదుగానీ, ఆ జబ్బు మనకొక్కళ్ళకే ఉందనుకోకండి. కడుపు నిండిపోయినా వడ్డించేవాళ్ళని వద్దనలేక మనం తినేసినట్టే, అమెరికాలో నడిరోడ్డు మీద పోలీసు కారాపి “ఒకసారి లోపల చూడచ్చా?” అంటే, కాదనలేక “దానికేం, చూడండి” అనేసేవాళ్ళు బోలెడుమంది.

అమెరికా గొడవ మనకెందుకంటారా? మీ వీధిలో ఎన్ని ఇళ్ళ పిల్లలు అక్కడ కార్లు నడుపుతున్నారో లెక్కపెట్టి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఆ దేశపు రాజ్యాంగానికి 1791లో చేర్చిన నాలుగో సవరణ ప్రకారం తగిన కారణం లేకుండా మనిషినిగానీ, ఇంటినిగానీ, సామాన్లనిగానీ సోదా చెయ్యకూడదు. ఇంటికైతే మామూలుగా వారంటు కావాలి. కారు ఇల్లులాగా ఒకచోట కూచోదు కదా! వారంటు తెచ్చేలోపల ఊరు దాటిపోతుంది. అంచేత, దొంగసారా రవాణా చేసేవాళ్ళ కేసొకటి వచ్చినప్పుడు 1925లో అక్కడి సుప్రీంకోర్టు ఒక సడలింపు ఇచ్చింది. కార్లో నేరానికి సంబంధించిన సరుకుందని నమ్మడానికి గట్టి ఆధారముంటే వారంటు లేకుండానే వెతకచ్చంది. ఆధారం ఉండాలి సుమా, ఊరికే మనసులో అనిపిస్తే చాలదు. అది లేనప్పుడు పోలీసుకి సులువైన దారి ఒకటే, మిమ్మల్ని అడగడం.

కాలిఫోర్నియాలో ఒక తెల్లవారుజామున, హెడ్ లైటు ఒకటి వెలగడం లేదని ఒక కారుని ఆపారు. అందులో ఆరుగురు మగాళ్ళున్నారు. సోదా చెయ్యచ్చా అని పోలీసు అడిగితే, వాళ్ళలో ఒకతను “ఓ, చూసుకోండి” అని తనే డిక్కీ తీసి మరీ సాయం చేశాడు. వెనక సీటు కింద దొంగిలించిన చెక్కులు మూడు దొరికాయి. వద్దనే హక్కుందని చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతేనా అన్నది కోర్టులో ప్రశ్న. 1973లో సుప్రీంకోర్టు, బలవంతం లేకపోతే చాలు, ఆ హక్కుందని పోలీసు చెప్పనక్కర్లేదు అంది. ముగ్గురు జడ్జీలు మాత్రం ఒప్పుకోలేదు. తనకుందని తెలియని హక్కుని మనిషి ఎలా వదులుకుంటాడని వాళ్ళ వాదన.

నాకైతే ఆ ముగ్గురి మాటే మనసుకి పట్టింది. మొహమాటంతో అన్న ‘సరే’లో సమ్మతి ఎంత, భయమెంత అన్నది అన్నవాళ్ళకే తెలియదు. పెళ్ళిచూపుల్లో తలొంచుకు కూచున్న పిల్ల మౌనాన్ని అంగీకారం కింద జమకట్టిన దేశం మనది. ఈ సంగతి మనకొకరు చెప్పాలా?

“దాచేదేమీ లేనప్పుడు భయమెందుకమ్మా?” అంటారు మా బాబాయిగారు. వినడానికి బాగానే ఉంటుంది. మరి ఆయన బీరువా తాళం మొలతాడుకి ఎందుకు కట్టుకుంటారో! మనం ఉత్తరాలు మడిచి పెట్టుకుంటాం, స్నానానికి వెళ్తే తలుపు గడియ వేసుకుంటాం. అందులో పాపమేముంది? తప్పు దాచుకోవడం వేరు, మరుగు కావాలనుకోవడం వేరు.

అలాగని పోలీసు శత్రువు కాడు. ఎవరి పిల్లనో ఎత్తుకుపోతున్న కారుని అతను ఆపి వెతకాలనే కదా మనమూ కోరుకుంటాం! అలాంటి చోట ఆధారం ఉంటే అతనికి మన అనుమతితో పనే లేదు. ఆధారం లేనిచోటే మన ‘సరే’ దాని లోటు పూడుస్తుంది. అతను చూపించాల్సిన కారణాన్ని మనం మర్యాదకోసం అప్పిస్తున్నామన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నాలాంటి పెద్దమనుషులందరూ ‘చూసుకోండి’ అంటూ పోతే, ‘వద్దు’ అన్నవాడే దొంగలా కనిపిస్తాడు. కాదన్నంత మాత్రాన అనుమానించకూడదని 1991లో కోర్టు చెప్పింది నిజమే. కానీ రోడ్డు మీద నిలబడ్డ పోలీసు కళ్ళకి ఏది అలవాటైతే అదే న్యాయంగా తోస్తుంది. మన మర్యాద ఖరీదు ఏ పేదవాడో, ఏ నల్లజాతి కుర్రాడో చెల్లిస్తాడు. అంచేత, కాదనడం వల్ల పెద్దగా నష్టపోనివాళ్ళు కాదనడం ఒక ధర్మమేమో అనిపిస్తుంది నాకు. అందరికీ ఆ ధైర్యం ఉండాలని మాత్రం అనను. నడుముకి పిస్తోలున్న మనిషి ఎదురుగా నిలబడితే, ధర్మం కంటే ప్రాణం ముందు గుర్తొస్తుంది.

కాదనడమంటే దెబ్బలాడడం కాదు. చేతులు స్టీరింగు మీద కనపడేలా ఉంచి, లైసెన్సూ కాగితాలూ అడిగితే చూపించాలి. కారు దిగమంటే దిగాలి. సోదా మాట ఎత్తితే “నాకు సమ్మతం లేదండీ” అని నెమ్మదిగా, స్పష్టంగా అనాలి. అయినా వెతికితే అడ్డు పడకూడదు, ఆ తగువు తర్వాత కోర్టులో తేలుతుంది. “నేను వెళ్ళచ్చా?” అనీ అడగచ్చు. వేరే అనుమానానికి ఆధారం లేకుండా, కుక్కతో వాసన చూపించడంకోసం ట్రాఫిక్ తప్పు పని ముగిశాక కూడా ఆపి ఉంచకూడదని 2015లో తీర్పు వచ్చింది.

మన దేశంలో చట్టాలు వేరు. ఆడమనిషి ఒంటిని సోదా చెయ్యాల్సి వస్తే ఆడమనిషే, మర్యాద తప్పకుండా చెయ్యాలన్నది మనకి ఎప్పట్నించో ఉన్న నియమం. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం సోదాలని వీడియో తియ్యాలని కూడా అంటోంది. ఇవి ఎంతమంది ఆడవాళ్ళకి తెలుసు?

చట్టం తెలియడం ఒక ఎత్తు, నోరు పెగలడం ఇంకో ఎత్తు. ‘ఎదురు చెప్పకు, సరే అను’ అని పద్ధెనిమిదేళ్ళు నేర్పి పంపిన పిల్ల, పరాయిదేశంలో అర్ధరాత్రి రోడ్డు మీద ఒక్కసారిగా ‘వద్దండీ’ అనగలదా? కోపం లేకుండా, క్షమాపణ లేకుండా ‘వద్దు’ అనడం ముందు మన వంటింట్లో, మన ముందే అలవాటు కావాలి. అప్పుడు మనకి కాస్త కష్టంగా ఉంటుంది, ఉండనీండి.