ఎదుటివాని ముఖము



ఆదివారమున గుడి మెట్లెక్కుచు ఒక పెద్దమనిషికి వందనములు చెప్పితిమనుకొనుడి. ఆయన ముఖము చిట్లించుకొని లోపలికి పోయెను. ఒకరు, ‘పాపము, ఒంట్లో బాగులేదు కాబోలు’ననుకొని మరచిపోవుదురు. మరియొకరు, ‘నన్ను చూచియే అట్లు చేసెన’ని ఆరాధన ముగియువరకు ఆ ముఖమునే తలంచుచుందురు. ప్రసంగము వారి చెవికెక్కదు.

ఈ భేదమేల? 1996లో జెరల్డీన్ డౌనీ, స్కాట్ ఫెల్డ్‌మన్ అను అమెరికా మనస్తత్వ పరిశోధకులు దీనినిగూర్చి వ్రాసిరి. తిరస్కారమునకు భయపడు హృదయము దానికొరకే కనిపెట్టుకొనియుండి, స్పష్టము కాని చిన్న గుర్తును కూడ తిరస్కారమనియే యెంచునని వారు తెలిపిరి.

అయినను ఇది వట్టి బలహీనత కాదు. 2008లో వెలువడిన మరియొక పరిశోధనలో, తాము త్రోసివేయబడిన సందర్భమునుగూర్చి వ్రాసినవారు, నిజమైన నవ్వేదో పైపై నవ్వేదో ఇతరులకంటె బాగుగా గుర్తుపట్టిరి. కాబట్టి వాకిట నిలువబెట్టబడి, యజమానుల ముఖములు చదువ నేర్చుకొన్నవారిని అనుమానపు మనుష్యులని నిందింపకుడి.

యాకోబు ఈ రెంటిని ఎరిగినవాడు. లాబాను ముఖము మునుపటివలె లేదని అతడు చూచెను (ఆది. 31:2). సరిగానే చూచెను, లాబాను అతని జీతమును పదిమారులు మార్చినవాడు. అయితే ఏశావు నాలుగువందల మందితో వచ్చుచున్నాడని వినినప్పుడు, అన్న ముఖము చూడకమునుపే అందులో పగను చదివెను. తాను మోసగించిన అన్న గదా! అయినను యాకోబు కుంటుచునే ఎదురు వెళ్లెను. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనగా ఇద్దరును ఏడ్చిరి. ఆ ముఖము అతనికి దేవుని ముఖమువలె కనబడెను (ఆది. 33:10). దూరముననే నిలిచిపోయినయెడల దానిని చూచియుండునా?

కావున ముఖము చిట్లించిన సహోదరుని ఇంటికి వెళ్లి, ‘అయ్యా, కులాసాగా ఉన్నారా?’ అని అడుగుడి. అది లాబాను ముఖమే కావచ్చును, ఏశావు ముఖమే కావచ్చును. అడుగకమునుపు తీర్పు తీర్చకుడి.

సంఘపు పెద్దలారా, మీకును ఒక మాట. వెనుక చాపమీద కూర్చున్న బీద విధవరాలు మీ ముఖమును చదువుచున్నది. పైపై నవ్వు ఆమెకు చాలదు. ఆమె దానిని ఇట్టే గుర్తుపట్టును. ఆమె దగ్గరకు వెళ్లి, పేరుపెట్టి పలుకరించుడి.